పొగ బయటికి, వేడి లోపలికి

రాత్రి ఒంటిగంటన్నరకి ఫోన్ మోగితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. నాకు ఆ బాధ లేదు. ‘మళ్ళీ హీటరు’ అనుకుని ఎత్తుతాను.

మా బావమరిది ఉండేది ఇంగ్లండులో, లీడ్స్‌లో. అక్కడ రాత్రి ఎనిమిదికల్లా భోజనం ముగించి తీరిక చేసుకుంటాడు. ఆ తీరిక వచ్చి సరిగ్గా నా నిద్ర నడిమధ్యన పడుతుంది. ఈమధ్య వాడికి సిగార్ల సరదా పట్టింది. ఇంట్లో కాలిస్తే కర్టెన్లకి కంపు పడుతుందని వాళ్ళావిడ పెరట్లోకి తరిమింది. ఆవిడ నాకు చెల్లెలి వరస. న్యాయం ఎప్పుడూ ఆవిడ పక్షానే ఉంటుంది. పెరట్లో గడ్డి కోసే మిషనూ, తుప్పు పట్టిన సైకిలూ పడేసుకునే చెక్క షెడ్డొకటి ఉంది. దాన్ని వెచ్చటి సిగార్ గదిగా మార్చాలి. దానికి సలహాదారుణ్ణి నేను.

నేనుండేది రాజమండ్రిలో. మార్చి మొదటి వారానికే మధ్యాహ్నం పూట వీధిలోకి కుక్క కూడా రాని ఊరు. వేడిని వదిలించుకోడానికి జీవితాంతం కరెంటు బిల్లులు కట్టేవాణ్ణి పట్టుకుని వేడి ఎలా తెప్పించాలి అంటే ఏం చెప్పను? ఆ మాటే అన్నాను.

“అదేంటి బావా, మీ ఊళ్ళో పొగాకు పరిశోధన సంస్థ ఉంది కదా!”

ఉంది. 1947 నుంచీ ఉంది. దాని గోడ పక్కనుంచి స్కూటరు మీద పోయినవాడికల్లా జ్ఞానం గాలికి ఎగిరొచ్చి అంటుకోదని వాడికి ఎవరు చెప్పాలి?

సమస్య చూడబోతే చిన్నదే. పొగ బయటికి పోవాలి, వేడి లోపలే ఉండాలి. కిటికీ తెరిస్తే రెండూ కలిసి పోతాయి. మూస్తే రెండూ కలిసి కాపురం పెడతాయి. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాడు. అది పొగతోపాటు, డబ్బు పోసి కొనుక్కున్న వెచ్చదనాన్ని కూడా మర్యాదగా పక్కింటి పెరట్లోకి సాగనంపింది. రెండు కిలోవాట్ల ఆయిల్ రేడియేటరు తెచ్చాడు. గంటకి రెండు యూనిట్లు మింగి, తన చుట్టూ మూరెడు మేర వెచ్చబెట్టుకుని ఊరుకుంది. గోడలకి ఇన్సులేషన్ బోర్డులు కొట్టించాడు. ఆవిరి చొరకుండా వాటి మీద ఇంకో పొర వెయ్యకపోతే చెక్కకి చెమట పట్టి బూజు వస్తుందన్నారట. అదీ వేయించాడు. “పోనీ బొగ్గుల కుంపటి పెట్టుకోనా బావా?” అన్న రాత్రి మాత్రం నేను నిజంగానే లేచి కూచుని తిట్టాను. మూసిన గదిలో కుంపటి పెడితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు, ఫలానా వాళ్ళ బావమరిది అన్న మొహమాటం అసలుండదు.

వీటి నడుమ సిగార్ల వైభోగం ఒకటి. వాటికి స్పానిష్ సీడర్ చెక్క పెట్టె, లోపల తేమ నూటికి అరవై అయిదు నుంచి డెబ్బై, వేడి పద్దెనిమిది నుంచి ఇరవై ఒక్క డిగ్రీలు. అంతకు మించి వెచ్చబడితే ఆకులో పడుకున్న పురుగు గుడ్లు చిట్లి పిల్లలవుతాయి. అందుకని చూసుకోడానికి పెట్టెలో ఒక మీటరు. పెట్టె పక్కన కూచున్న మనిషికి రెండు స్వెట్టర్లు, ఉన్ని టోపీ. క్రిమియా యుద్ధం రోజుల్లో, అంటే 1850ల్లో, టర్కీ పొగాకు మరిగిన ఇంగ్లీషు దొరలు కంపు అంటకుండా మఖమలు కోటు తొడుక్కుని విడిగా ఒక గదిలో తాగేవారట. వీడూ ఒక మఖమలు కోటు కొన్నాడు. ఆ షెడ్డు చలికి దాని మీద మంచు కోటు వేసుకుంటున్నాడు.

విసుగొచ్చి ఒకరోజు, ఆకుని వేడితో ఆరబెట్టే మన పొగాకు బ్యారన్ సంగతి చెప్పాను. జంగారెడ్డిగూడెం వైపు రైతుని అడుగు: పొయ్యి బయట ఉంటుంది, ఇనప గొట్టాలు లోపల తిరుగుతాయి. పొగ గొట్టాల్లోంచే చిమ్నీ ఎక్కి పోతుంది, వేడి మాత్రం ఆకుకి తగులుతుంది. ఆఖరికి డెబ్బై డిగ్రీల దాకా తీసుకెళ్తారు, ఆకుకి ఒక్క వీసం పొగ తగలదు.

“అంటే పొగ పుట్టేది బయటే ఉండాలన్నమాట. మరి నేను కూడా బయట కూచుని తాగాలా?”

“అవును.”

ఫోన్ పెట్టేశాడు. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

అసలు ఈ సమస్యని మన ఉత్తరాంధ్ర ఆడవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. అడ్డపొగ. మా చిన్న నాయనమ్మది నరసన్నపేట అవతల పల్లె. చుట్ట వెలిగించి, రెండు దమ్ములు మామూలుగానే లాగి, నిప్పు కొసని చటుక్కున నోట్లోకి తిప్పేసేది. పెదవుల మధ్య బయటికి కనిపించేది వెలిగించని కొసే. బుగ్గలు లోపలికి పోయేవి, ముక్కుల్లోంచి సన్నగా రెండు పాయలు వచ్చేవి. ఇంజనీరింగు లెక్కన ఆలోచించండి. నిప్పు లోపల, వేడి లోపల. గాలికి ఆరదు, వానకి తడవదు. గోడలకి బోర్డులక్కర్లేదు, బుగ్గలు చాలు. చిమ్నీలు రెండు, పుట్టుకతో బిగించినవి. ఇంగ్లండులో కంచెకి రెండు మీటర్లలోపు రెండున్నర మీటర్లు దాటి షెడ్డు లేపితే అనుమతి కావాలట. నోటికి ఏ మునిసిపాలిటీ అనుమతీ అక్కర్లేదు. పైగా చేతులు రెండూ ఖాళీ. ఆవిడ చుట్ట తియ్యకుండానే ఊడ్పులు ఊడ్చేది, బిందె ఎత్తేది, చంకలో పిల్లాడి మీద నుసి రాలకుండా జోకొట్టేది, మా తాతకి నాలుగు చీవాట్లు కూడా పెట్టేది. ఆ చీవాట్లకి అంత వేడి ఎక్కణ్ణుంచి వచ్చేదో మాకు పెద్దయ్యాక గాని తెలియలేదు.

ఇంకో సంగతి కూడా పెద్దయ్యాకే తెలిసింది. పిండ్‌బోర్గ్ అనే డెన్మార్కు డాక్టరూ, మన దేశపు పరిశోధకులూ కలిసి ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, అడ్డపొగ అంగిలిని ఏం చేస్తుందో 1971లో అచ్చువేశారు. మరోచోట అరుదుగా కనబడే అంగిటి క్యాన్సరు ఈ అలవాటున్న వాళ్ళలో ఎందుకు వస్తోందో అందులో ఉంది. మా చిన్న నాయనమ్మ చివరి రోజుల్లో పులుసు ముట్టేది కాదు. కారం తగిలితే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ‘ముసలావిడకి దొరసాని నాలుక వచ్చింది’ అని మేమంతా నవ్వేవాళ్ళం. ఇంటిల్లిపాదికీ ఆవిడే వండి వడ్డించేది. ఆవిడ నోరు తెరిపించి చూద్దామని మాలో ఒక్కడికీ తోచలేదు.

మొన్న రాత్రి ఇదంతా బావమరిదికి చెప్పాను. ఎటు తిప్పి తాగినా పొగ పొగేరా, మానెయ్యి అన్నాను. కాసేపు అవతల్నుంచి చప్పుడు లేదు. తర్వాత, “సరేగాని బావా, తలుపు కింద సందులోంచి చలి కొడుతోంది, రబ్బరు పట్టీ వేయించనా?” అన్నాడు.

వేయించుకో, మంచి రకం వేయించుకో అన్నాను. షెడ్డు సుబ్బరంగా వెచ్చబడ్డాక అందులో తన కుట్టుమిషను పెట్టుకుంటానని చెల్లెమ్మ నాతో ముందే అంది. ఇన్సులేషన్ విషయంలో నేను మొదటినుంచీ పిసినారితనం చూపించనిది అందుకే.