అంతా నిపుణులే!

కాజీపేట చౌరస్తాలో చాయ్ బండి దగ్గర నిలబడితే పేకాట పండితులకు కొదవ లేదు. గెలిచిన రోజు ‘నా బుర్ర’, ఓడిన రోజు ‘ముక్క పడలే’!

పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని 1968లో సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు అన్నది. మూడుముక్కలాటకు ఆ మర్యాద దక్కలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లో తెలంగాణ, 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించాయి. అయినా పండితుల ధీమా ఇసుమంతైనా తగ్గలేదు.

పోకర్ టోర్నీల్లోనూ ఇదే తంతు. కప్పు ఎత్తిన ఫొటో వాట్సాప్ స్టేటస్‌కెక్కుతుంది, కట్టిన ఎంట్రీ ఫీజులు మాత్రం ఏ లెక్కకూ ఎక్కవు. లక్ష గెలిచినోడు అందుకోసం రెండు లక్షలు కట్టాడేమో అడిగేదెవరు? ఒక్క రాత్రి గెలుపు లాటరీలోనూ వస్తుంది. వందల టోర్నీల జమాఖర్చు ముందేసుకుంటే గానీ పనితనమెంతో, అదృష్టమెంతో తేలదు. ఆ పద్దు ఇంట్లో భార్యకే చూపించరు, ఊరికి చూపిస్తారా?

లెక్కలేవీ అక్కర్లేకుండా నిపుణుడని ఒప్పుకోవాల్సింది ఒక్క నిర్వాహకుణ్నే. ముక్క ముట్టడు, ప్రతి ఆటలో కమీషన్ కోస్తాడు, ఏనాడూ ఓడడు!