హాకీ జోస్యులవారికి ఒక షార్క్స్ అభిమాని విన్నపం

బ్రహ్మశ్రీ ఐస్ హాకీ జోస్యులవారి దివ్యసముఖమునకు,

శాన్ హోసే నుంచి షార్క్స్ జట్టు అభిమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మా గోల్ మాత్రం రెండేళ్లుగా అంత క్షేమంగా లేదు.

2025-26 సీజన్‌కి మీరు వెలువరించిన ఫలితాలు చదివాను. ఎన్‌హెచ్ఎల్‌లో ఉన్న 32 జట్లలో మావాళ్లది మళ్లీ 32వ స్థానమేనని మీలో చాలామంది తేల్చేశారు. దయగలవారు 31 అన్నారు. ఉగాదినాడు మా సిద్ధాంతిగారు కూడా ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని చదివి, ఎదురుగా కూర్చున్నవాడి మొహం వాడిపోవడం చూసి, రాజపూజ్యం మాత్రం ఐదుందిలే అంటారు. మీకు ఆ పాటి మొహమాటం కూడా లేకపోయింది.

లెక్కలు నాకూ తెలుసు. పోయిన సీజన్లో 82 ఆటల్లో 20 గెలుపులు, 52 పాయింట్లు, అట్టడుగు. అంతకుముందు 47 పాయింట్లు, అదీ అట్టడుగే. 2023 నవంబర్‌లో వాంకూవర్ వాళ్లొచ్చి పది గోల్స్ కొట్టి వెళ్తే, రెండ్రోజులకే పిట్స్‌బర్గ్ వాళ్లొచ్చి ఇంకో పది కొట్టారు. ఆ రెండో ఆటకి డబ్బులు పెట్టి టికెట్లు కొన్నవాణ్ణి నేను. గుంటూరు నుంచి వచ్చిన మా మామగారు మంచు మీద పక్ అనే నల్లబిళ్ల కనపడక, "ఏం బాబూ, ఆ బంతి ఎక్కడుంది?" అని అడిగినప్పుడల్లా, "మన గోల్లో ఉంది మావయ్యగారూ" అని చెబుతూ కూర్చున్నాను. కాబట్టి ఓటమి గురించి నాకు పాఠం చెప్పనక్కర్లేదు.

నా అభ్యంతరం మీ పద్ధతి మీద. మీ కంప్యూటరు సీజన్ మొత్తాన్ని వేలసార్లు ఆడించి చూస్తుందట. సంతోషం. మావాళ్లు ఒక్కసారే ఆడతారు. పైగా ఆ కంప్యూటరు నమిలేది పాత అంకెల్ని. పందొమ్మిదేళ్ల కుర్రాడికి పాత అంకెలు ఎక్కణ్ణుంచి వస్తాయండీ? మాక్లిన్ సెలెబ్రీనీ పద్దెనిమిదేళ్లకి వచ్చి, దెబ్బ తగిలి 12 ఆటలు పోయినా, ఆడిన 70 ఆటల్లో కొట్టిన గోల్స్, కొట్టించిన గోల్స్ కలిపి 63 పాయింట్లు తెచ్చాడు. ఆ ఏడాది అతనున్నది జో థార్న్‌టన్ ఇంట్లో. విల్ స్మిత్ (సినిమా ఆయన కాదు, మా ఫార్వర్డ్) ఉన్నది పాట్రిక్ మార్లో ఇంట్లో. ఈ జట్టు చరిత్రలో ఆ ఇద్దరు పెద్దలను మించినవాళ్లు లేరు. రాత్రి భోజనాల దగ్గర ఆ కుర్రాళ్లు విన్నదంతా నమోదు చేసుకోవడానికి మీ పట్టికలో గడి ఉందా?

ఇంకొకటి. పోయినేడు మావాళ్లు ఓడిన ఆటల్లో 12 నిర్ణీత సమయానికి సమంగా ఉండి, ఆ తర్వాత చేజారినవి. సెలెబ్రీనీ మొట్టమొదటి ఆటే చూడండి. ఒక గోల్ కొట్టాడు, ఒకటి కొట్టించాడు, 4-1తో ముందున్నాం, చివరికి సెయింట్ లూయిస్ ఓవర్‌టైంలో 5-4తో లాక్కుపోయింది. బాధే, ఒప్పుకుంటాను. కానీ చేజార్చుకోవడానికైనా ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా.

1992-93 మీకు గుర్తుండే ఉంటుంది. లేకపోతే నేను గుర్తుచేస్తాను. అప్పుడు మావాళ్లు డేలీ సిటీలోని కౌ ప్యాలెస్‌లో, పశువుల ప్రదర్శనల కోసం కట్టిన హాల్లో ఆడేవారు. 84 ఆటల్లో 71 ఓడారు. అందులో వరసగా 17. మొత్తం 24 పాయింట్లు. మరుసటి ఏడు శాన్ హోసేలో కొత్త స్టేడియం, కెవిన్ కాన్‌స్టంటైన్ అనే కొత్త కోచ్, గోల్లో ఆర్టుర్స్ ఇర్బే, ముందు లారియోనోవ్, మకారోవ్ అనే సోవియట్ దిగ్గజాలు. 24 కాస్తా 82 అయింది. ఒక్క ఏడాదిలో అంత ఎగబాకిన జట్టు అప్పటిదాకా లేదు. ప్లేఆఫ్స్ మొదటి రౌండులోనే ఎదురైంది పశ్చిమ విభాగంలో మొదటి స్థానంలో నిలిచిన డెట్రాయిట్. ఏడో ఆట, వాళ్ల ఊళ్లోనే, 2-2. వాళ్ల గోలీ ఆస్‌గుడ్ పక్‌ని దూరంగా కొట్టేద్దామని గోల్ వదిలి ముందుకొచ్చాడు. అది తిన్నగా జేమీ బేకర్ దగ్గరికి వచ్చింది. బేకర్ ఎదుట ఖాళీ గోల్. కొట్టాడు. డెట్రాయిట్ ఇంటికి పోయింది, అంటే అప్పటికే ఇంట్లో ఉంది, అక్కడే ఉండిపోయింది.

మావాళ్లు ఈసారి కప్పు తెస్తారని నేననను. ప్లేఆఫ్స్ అని కూడా ప్రమాణం చేయను. 75 పాయింట్లు దాటతారంటాను, రాసిపెట్టుకోండి. మీరు చేయవలసిందల్లా, ఏప్రిల్లో సీజన్ ముగిశాక, ఇప్పుడు మీరు చెప్పిందీ అప్పుడు జరిగిందీ పక్కపక్కన అచ్చువేయడం. 2017లో కొత్తగా వచ్చిన వేగస్ జట్టు కప్పు గెలుస్తుందన్న పందెం 500కి ఒకటి పలికింది. అది ఏకంగా ఫైనల్‌కి వెళ్లింది. మరుసటి సెప్టెంబర్‌కి మీరు ఏమీ ఎరగనట్టు మళ్లీ కొత్త పట్టిక పట్టుకొచ్చారు. అక్టోబర్ 9న మా మొదటి ఆట ఆ వేగస్‌తోనే, మా ఊళ్లోనే. తీరిక ఉంటే దయచేయండి.

ఇట్లు,
భవదీయుడు,
పైవరసలో సీటున్న అభిమాని

తా.క.: ఒకవేళ కర్మకాలి మీ మాటే నిజమైతే, కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వరస తేల్చే డ్రాఫ్ట్ లాటరీ జోస్యం మాత్రం ముందుగానే చెవిన వేయగలరు. పోయినసారి అందరికన్నా కిందున్నది మేమైతే మొదటి పిక్ న్యూయార్క్ ఐలాండర్స్‌ని వరించింది. ఈసారి వచ్చే కుర్రాడు గావిన్ మెక్కెన్నా అట, చాలా బాగా ఆడతాడట. ఊరికే అడుగుతున్నాను.