బామ్ సీసా తీర్పు

విశాఖ వన్ టౌన్ సందుల్లో టెన్నిస్ బంతి క్రికెట్‌కు ఒక వైద్యశాస్త్రం ఉంది. తొడ వెనక పట్టేసిందా, బామ్ రాసి గట్టిగా రుద్దు. నొప్పి తగ్గిందా, దిగిపో. ఎవడైనా నసిగితే సాక్షి సిద్ధం: ‘హనుమ విహారి ఆడలేదేంట్రా?’ ఆడాడు. 2021 జనవరి 11న సిడ్నీలో ఈ కాకినాడ కుర్రాడు హామ్‌స్ట్రింగ్ దెబ్బతిన్నాక కూడా క్రీజు వదల్లేదు. 161 బంతులాడి 23 పరుగులతో అజేయంగా నిలిచాడు, అశ్విన్‌తో కలిసి టెస్టును డ్రా చేశాడు. దండం పెట్టాల్సిందే. అయితే ఈ సాక్షిని బోనెక్కించే వకీళ్లు క్రాస్ ఎగ్జామినేషన్‌కు ముందే ఇంటికి పంపేస్తారు. కాలు ఎలా దెబ్బతింది? వేగంగా సింగిల్ తీయబోయి. ఆ తర్వాత? పరుగు జోలికి పోకుండా బంతిని అడ్డుకుంటూ కూర్చున్నాడు. 161కి 23 అంటే అదే మరి. నాలుగు రోజులకు బ్రిస్బేన్‌లో మొదలైన టెస్టులో లేడు. ఫిబ్రవరిలో ఇంగ్లండ్ మన గడ్డ మీదికొస్తే అప్పుడూ లేడు. మనవాళ్ల కథలో ఈ రెండో భాగం ఎప్పుడూ ఉండదు.

పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు, పాదం నేలను తాకబోయే ముందు, దూసుకొచ్చే కాలికి బ్రేకు వేసేవి తొడ వెనకుండే ఈ హామ్‌స్ట్రింగ్ కండరాలే. సాగుతూనే బిగుసుకోవాలి. తెగేది చాలాసార్లు అక్కడే. అలా కండరం తెగిన మనిషి నొప్పి లేకుండా టీకొట్టు దాకా నడిచాడంటే, టీకొట్టు దాకా నడవగలడని మాత్రమే రుజువు. కురుపాం మార్కెట్లో కాసు బంగారాన్ని గీటురాయి మీద గీయించనిదే కొననివాడు, తన కాలు నయమైందనడానికి బామ్ వాసనతో సరిపెట్టుకుంటాడు. కాలికీ గీటురాయి ఉంది: బలం రెండో కాలితో సమానమైందా, దశలవారీగా పూర్తి వేగం అందుకోగలిగాడా అని. యూరప్ పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బుల్లో మొత్తం గాయాల్లో హామ్‌స్ట్రింగ్ వాటా 2001-02లో 12 శాతం, 2021-22 నాటికి 24 శాతం. తిరగబెట్టిన వాటిలో మూడింట రెండొంతులకు పైగా మైదానానికి తిరిగొచ్చిన రెండు నెలల్లోపే. స్కానింగులు, జీతానికి డాక్టర్లు ఉన్నచోటే ఇదీ సంగతి. పాపం, వాళ్లకు మన బామ్ సీసా అందినట్టు లేదు.

‘అయితే నెల్లాళ్లు మంచమెక్కమంటారా?’ అనొచ్చు. అక్కర్లేదు. 2017లో వెలువడిన డెన్మార్క్ పరిశోధనలో తొడ, పిక్క కండరాలు దెబ్బతిన్న అమెచ్యూర్ ఆటగాళ్లను రెండు వర్గాలు చేశారు. రెండో రోజునే వ్యాయామం మొదలెట్టినవాళ్లు తొమ్మిదో రోజున మొదలెట్టినవాళ్ల కంటే దాదాపు మూడు వారాలు ముందే ఆటకొచ్చారు. కదలాలి, కాలి మీద కొద్దికొద్దిగా బరువు పెంచాలి; గంతు మాత్రం చివర్న. ‘ఫిజియో ఫీజు ఎవడిస్తాడు?’ అన్నది వీటన్నిటిలో నిజాయితీగల ప్రశ్న. నార్డిక్ అనే వ్యాయామానికి ఫీజు లేదు. మోకాళ్ల మీద నిలబడితే దోస్తు చీలమండలు అదిమిపట్టుకుంటాడు, నువ్వు ఒళ్లు తిన్నగా ఉంచి మెల్లగా ముందుకు వాలతావు. 2019లో ఎనిమిది వేలమందికి పైగా ఆటగాళ్ల లెక్కలు కలిపి చూస్తే, ఇది చేర్చిన జట్లలో ఈ గాయాలు సుమారు సగానికి తగ్గాయి. తెగిన మర్నాడే మొదలెట్టేది కాదులెండి. టప్పుమని శబ్దమై, తొడంతా నల్లగా కమిలి, అడుగు పడకపోతే వ్యాయామమూ వద్దు, బామూ వద్దు. కేజీహెచ్ ఆస్పత్రి ఎంతో దూరం లేదు.

ఇక మిగిలింది కెప్టెన్ అభ్యంతరం: ఫైనల్ రేపే, వాడు లేకపోతే ఎలా? సరే, విహారిలాగే ఆడించండి. కాకపోతే పది ఓవర్ల మ్యాచ్‌లో ఉండేవి 60 బంతులే. మిగతా 101 ఎవరు వేస్తారో అవతలి జట్టుతో ముందే మాట్లాడుకోవాలి.