జోడు కార్డుల పద్యం: టీకా తాత్పర్యం

ఆ.వె.
పాత కార్డు దెచ్చి పక్క స్లాటునఁ బెట్టి
కొత్తదాని జతగఁ గుదురుమనిన
వంతులాటలోన వగచు వేగపుఁ గార్డు
పాళ్ళు పంచి యివ్వ ఫలము దక్కు

అవతారిక: కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్న శిష్యుడొకడు పాతదాన్ని వదులుకోలేక, “రెండూ ఒకే కంప్యూటర్లో బిగిస్తే బలం రెట్టింపవదా, గురువుగారూ?” అని అడిగాడు. కవి బదులిస్తున్నాడు.

ప్రతిపదార్థం: పాత కార్డు దెచ్చి = 2016 నాటి 6 జీబీల జీటీఎక్స్ 1060ను అటక మీంచి దింపి; పక్క స్లాటునన్ + పెట్టి = మదర్‌బోర్డు మీది రెండో పొడుగు స్లాట్‌లో (చూపుకు 16 లేన్లున్నా లోపల 4 మాత్రమే ఉండవచ్చునని గ్రహించునది) బిగించి; కొత్తదాని జతగన్ = 2021 నాటి 12 జీబీల ఆర్‌టీఎక్స్ 3060కి తోడుగా; కుదురుమనినన్ = ఒద్దికగా పనిచేయమంటే; వంతులాటలోనన్ = ఈ ఫ్రేము నీది, మరుసటిది నాది అనే పద్ధతిలో; వేగపుఁ గార్డు = కొత్తది; వగచున్ = పని ముగించి ఊరికే కూర్చుని ఏడ్చును; పాళ్ళు పంచి యివ్వన్ = ఎవరి సత్తువకు తగ్గ వాటా వారికిస్తే; ఫలము దక్కున్ = పెట్టిన కరెంటు ఖర్చుకు న్యాయం జరుగును.

తాత్పర్యం: కొత్త కార్డు ఒక ఫ్రేమును 10 మిల్లీసెకన్లలోను, పాతది 30లోను గీస్తాయనుకుందాం. కొత్తది ఒంటరిగా సెకనుకు 100 ఫ్రేములు గీస్తుంది. పాతదానితో వంతులు వేసుకుంటే 30 మిల్లీసెకన్లకు ఇద్దరివీ కలిపి రెండే. అంటే సెకనుకు 66. తోడు దొరికాక మూడో వంతు పోయిందన్నమాట. పైగా గేము సరంజామా రెండింటిలోనూ విడివిడిగా ఉండాలి కాబట్టి, అక్కడ 12, 6 కలిస్తే 18 కాదు, 6.

విశేషాలు: పూర్వులు సమానుల జోడీనే ఆదరించారు. 1998లో రెండు వూడూ 2 కార్డులు తెరను గీతలవారీగా పంచుకున్నాయి, ఒకటి సరి, ఒకటి బేసి. 2004లో ఎన్‌విడియా ఎస్‌ఎల్‌ఐ సైతం ఒకే రకం చిప్పులనే కోరింది. కులగోత్రాలు చూడని సంకర వివాహానికి 2010లో లూసిడ్ హైడ్రా చిప్పు పౌరోహిత్యం వహించింది గాని, కాపురం నిలవలేదు. 2015లో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12 ఆ బాధ్యతను గేము రాసేవాడి నెత్తినే పెట్టింది. పూనుకున్నవారు బహు కొద్దిమంది.

శంక: మరి నాలుగో పాదం వ్యర్థమా?

సమాధానం: కాదు. గేములు వదిలి భాషా నమూనాలను ఇంట్లోనే నడిపేవారికి అదే శిరోధార్యం. లామా.సీపీపీ వంటి సాఫ్ట్‌వేర్ నమూనాలోని పొరలను 2:1 పాళ్ళలో పంచుతుంది. ఒక కార్డు తన పొరలు ముగించి చిన్న ఫలితాన్ని రెండోదానికి అందిస్తుంది. ఇరుకు స్లాటు కూడా దానికి చాలు. ఇక్కడ 12, 6 కలిస్తే 18కి దగ్గరే.

మరల శంక: ఇక్కడా ఒకటి పనిచేస్తుంటే రెండోది కూర్చునే ఉంటుంది కదా?

సమాధానం: ఉంటుంది. మెమరీ వేగం కొత్తదానికి సెకనుకు 360 జీబీ, పాతదానికి 192. కాబట్టి 12 జీబీలో ఇమిడే నమూనాకు పాతది భారమే. ఇమడనిదాన్ని మామూలు ర్యామ్‌కు అప్పగించడం కంటే మాత్రం పాత కార్డు వెయ్యిరెట్లు నయమని టీకాకారుని అతిశయోక్తి. కొన్నిరెట్లు నయమని లెక్క.

దోషవిచారం: కవి రెండు సంగతులు దాచాడు. కార్డులు రెండే 170, 120 వాట్ల చొప్పున 290 వాట్లు తాగుతాయి. ఎన్‌విడియా 580 శ్రేణి తర్వాతి డ్రైవర్లు 1060ని గుర్తించవు. పాతదాన్ని ఉంచుకుంటే కొత్తదీ పాత డ్రైవర్‌తోనే సర్దుకోవాలి.

ఫలశ్రుతి: దీన్ని అర్థంతో చదివినవారు నమూనా సైజు చూసుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టుకుంటారు. పాత కార్డు అమ్మజూపేవారు మాత్రం బేరం తెగేదాకా మూడో పాదాన్ని పైకి చదవరాదు.