301 వారికి సన్మాన పత్రం

అయ్యా, 301 ఫ్లాటు వారూ! ఈ నెలాఖరుకి మీరు ఇల్లు ఖాళీ చేస్తున్నారని వాచ్‌మన్ చెప్పినప్పటి నుంచీ అపార్ట్‌మెంటంతా అదోలా ఉంది. శాలువా కొందామంటే, మీ మెయింటెనెన్స్ బాకీ వసూలయ్యాక చూద్దామన్నారు అసోసియేషన్ వాళ్ళు. అందుకని 201లో, అంటే సరిగ్గా మీ పాదాల కింద, అద్దెకుంటున్న నేనే ఈ నాలుగు మాటలూ రాసి సమర్పించుకుంటున్నాను.

ముందు మీ నిష్ఠ గురించి చెప్పాలి. ఒకటో తారీఖు వచ్చిందంటే ఓనరు ఖాతాలో అద్దె పడి తీరాల్సిందే. అద్దె పడిపోయాక ఇక ఇంటితో మీకు పనేముంది? తామరాకు మీద నీటిబొట్టులా బతకమన్నారు పెద్దలు. ఆ బొట్టు స్లాబు మీద పడితే ఏమవుతుందో మాత్రం వాళ్ళు చెప్పలేదు. అది చూసే భాగ్యం మీ దయవల్ల నాకు దక్కింది.

మీ బాత్రూమ్ కుళాయికి వాషరు అరిగింది. కప్పు చాయ్ డబ్బుల్లో దొరికే వస్తువు. తొందరపాటు మనుషులైతే గేట్ వాల్వు కట్టేసి, పాతది తీసి కొత్తది వేసి, పది నిమిషాల్లో చేతులు దులుపుకునేవారు. మీకా తొందర లేదు. ముందు కుళాయిని గట్టిగా తిప్పారు. తర్వాత ఇంకా గట్టిగా తిప్పారు. మర చెడ్డాక పాత బనీను ముక్క చుట్టారు, అదీ తడిసి ముద్దయ్యాక కింద బకెట్ పెట్టారు. బకెట్ నిండి పొర్లే వేళకి మీరు ఆఫీసులో ఉంటారు. పొర్లిన నీళ్ళు పోవడానికి జాలీ ఉంది కదా అనుకుందామా, దాని కింద ఇంటిల్లిపాది జుట్టూ, సబ్బు ముక్కలూ, చింపిన షాంపూ సాచెట్లూ గడ్డకట్టి ఉన్నాయి. జాలీ ఎత్తి అవన్నీ తీసేస్తే అక్కడ కాపురమున్న బొద్దింకలు ఎక్కడికి పోతాయి? ఇల్లు ఖాళీ చేయడమంటే ఎంత యాతనో మీకు తెలియనిది కాదు.

అలా నిలిచిన నీళ్ళు టైల్స్ మధ్య సిమెంటు రాలిన చోటల్లా దారి చేసుకుని, అభిషేక తీర్థంగా మా ఇంటి కప్పు చేరాయి. మొదట బొట్టుబిళ్ళంత మరక కనబడింది. సంక్రాంతికి అది పళ్ళెమంత అయింది. ఉగాదికి పెయింటు ఉబ్బి, పెచ్చులుగా ఊడి మా మంచం మీద రాలడం మొదలైంది. ఎండలు ముదిరేనాటికి ప్లాస్టరింగు కూడా పడిపోయి తుప్పు పట్టిన చువ్వ బయటపడింది. స్లాబులో నిజంగానే ఇనుము వేశారని నాకు రుజువైంది. అది బిల్డరు కూడా చూపించలేనిది.

పైకొచ్చి సంగతి చెబితే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. మీ మర్యాదకు వంక పెట్టలేం. ‘ఓనరుకి చెప్పండి అంకుల్, ఇల్లు ఆయనది కదా’ అన్నారు. ఓనరు డల్లాస్‌లో ఉంటారు. ఫోన్ చేస్తే, వాళ్ళు నాతో ఒక్క మాట అనలేదే అని ఆశ్చర్యపోయారు. ఎలా అంటారు? మనకు పగలైతే ఆయనకు రాత్రి. నిద్రపోయే మనిషిని కుళాయి కోసం లేపడం మీ సంస్కారం కాదు.

చట్టాలు రాసినవాళ్ళు మాత్రం మీ స్థాయిని అంచనా వేయలేకపోయారు. సామాన్య వివేకం ఉన్న మనిషి సొంత ఇంటినైతే ఎలా వాడుకుంటాడో అద్దె ఇంటినీ అలా వాడుకోవచ్చంటుంది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్‌లో. మీరు సామాన్యులు కారు కనుక ఆ మాట మీకు తగలదు. చేరిన నాడు ఇల్లు ఎలా ఉందో దిగేనాడూ అలాగే అప్పగించాలట. వాడకంలో వచ్చే అరుగుదలకీ, ఎదిరించలేని శక్తి వల్ల కలిగిన నష్టానికీ మినహాయింపు ఉంది. హాలు గోడలన్నిటి మీదా తన చెయ్యి అందినంత ఎత్తున క్రేయాన్లతో బొమ్మలేసిన మీ చిన్నబ్బాయిని ఎదిరించలేని శక్తి కిందే జమకట్టాలని నా మనవి. నేను కళ్ళారా చూశాను. ఇక అదే సెక్షన్‌లో, తాను చేయించాల్సిన మరమ్మతుని, అద్దెకున్నవాళ్ళు చెప్పాక కూడా ఓనరు చేయించకపోతే, వాళ్ళే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చని ఉంది. అది మీకు కంఠతా వచ్చు. ముందు చెప్పాలన్న ముక్క ఒక్కటే జారిపోయింది.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంకా పీనాసిది. దాని రెండో షెడ్యూలులో ఇంటి పనులకు వాటాలు వేశారు. గోడలకు సున్నాలు, తలుపులకు రంగులు, పైపులు మార్చడం, వైరింగు ఓనరు వంతు. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప కుళాయి వాషర్లు, డ్రైనేజీ శుభ్రం, గీజరు, స్విచ్చులు, తలుపుల తాళాలు, దోమల జాలీలు, కిటికీ అద్దాలు అద్దెకున్నవాళ్ళ వంతు. ఢిల్లీలో పెద్దలు మీ వాషరు గురించి ఆలోచించారంటే మీ కీర్తి ఎంత దూరం పాకిందో చూడండి. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే గానీ అది అమలు కాదు లెండి. ఊపిరి పీల్చుకోండి.

మీ వంటింటి వైభవం తలుచుకుంటే ఈ పత్రం చాలదు. వడలు వేగిన నూనె సింకులో పోయడం, ప్లగ్గు ఊడిన వైర్లను సాకెట్‌లో అగ్గిపుల్లలతో దోపడం, ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కల మీద జిడ్డుని తరతరాలకూ దాచిపెట్టడం చూసినవాళ్ళకే తెలుస్తాయి.

ఓనరు గారి మహిమలకు వేరే పత్రం రాయాలి. చేరేటప్పుడు రంగులు వేయించకుండానే, దిగేటప్పుడు అడ్వాన్సులో నెల అద్దె పెయింటింగ్ కింద పట్టుకుంటారు. ఆ సంగతి మీకు మొదటి రోజే తెలుసు. ఎలాగూ కోస్తారని, ఆ డబ్బుకి సరిపడా గోడల్ని మీరే పాడుచేసుకున్నారు. ప్రతి పటానికీ ఒక మేకు, పెళ్ళగించిన ప్రతి మేకుకీ అరచేయంత గుంత. రూపాయికి రూపాయి రాబట్టడమంటే అదీ.

మొన్న ఆదివారం మియాపూర్‌లో కొత్త ఫ్లాటు చూడటానికి నన్నూ తోడు రమ్మన్నారు. అక్కడ మీ నైపుణ్యం చూసి నోరెళ్ళబెట్టాను. ప్రతి కుళాయీ తిప్పి చూశారు. ఫ్లష్ నొక్కి, ట్యాంకు మళ్ళీ నిండేదాకా నిలబడ్డారు. ఉంగరం వేలితో టైల్స్ కొట్టి ఏది డొల్లో చెప్పారు. స్విచ్చులన్నీ వేశారు, అల్మరా తలుపులన్నీ తెరిచి మూశారు. బెడ్‌రూమ్‌లో తలెత్తి ఆగిపోయారు. కప్పు మీద బొట్టుబిళ్ళంత మరక ఉంది.

‘పైన ఎవరుంటారండీ?’ అని అడిగారు. అద్దెకున్నవాళ్ళేనని చెప్పాడు ఆ ఇంటాయన.

‘అదీ సంగతి. కుళాయి కారుతుంటే వాషరు మార్చుకోవడానికి కూడా చేతులు రావు. మనుషులకి బొత్తిగా బాధ్యత లేకుండా పోయింది’ అని నా వైపు తిరిగారు. ‘ఏమంటారు అంకుల్?’

కాదనలేకపోయాను.