దొడ్డిగుమ్మం

సంక్రాంతికి తెనాలి వెళ్ళలేకపోయాం కాబట్టి తెనాలినే రప్పించుకున్నాం. అంటే మా మావయ్యగారిని. డెబ్భయ్యారేళ్ళ రిటైర్డ్ హెడ్‌మాస్టరు. మోకాళ్ళు రెండూ అరిగాయి గానీ కంఠం అరగలేదు. మెల్‌బోర్న్‌లో జనవరి అంటే నడివేసవి, పిల్లలకు బడి సెలవులు. కారవాను ఒకటి అద్దెకు తీసుకుని, కారు వెనక తగిలించుకుని, సముద్రం పక్కనే మెలికలు తిరిగే గ్రేట్ ఓషన్ రోడ్డు మీద అపోలో బే చేరాం.

దారిలో మా ఆయన గైడు అవతారం ఎత్తాడు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, పోయిన తోటివాళ్ళ గుర్తుగా, 1919 నుంచి 1932 దాకా పలుగూ పారా పట్టి కొండలు తొలిచి వేసిన రోడ్డిది అన్నాడు.

"సైనికుల చేత మట్టిపని చేయించారా!" అన్నారు మావయ్యగారు. అప్పుడు నేనంతగా పట్టించుకోలేదు.

కారవాన్ పార్కంటే పెద్ద హంగేమీ ఉండదు. పచ్చగడ్డి మీద నంబర్లేసిన గళ్ళు, గడికో కరెంటు స్తంభం, ఓ కుళాయి. ప్లగ్గు మాత్రం 15 ఆంప్స్‌ది. ఎర్తు పిన్ను లావు, మామూలు సాకెట్లో దూరదు. అందరికీ కలిపి ఒక వంటిల్లు, స్నానాల గదులు. రాత్రి పదయితే ఎక్కడి మాటలక్కడ ఆగిపోతాయి. పక్క గడిలో ముసలి దంపతులు. ఏటా జనవరికి అదే గడికి వస్తారట. ఆయనా హెడ్‌మాస్టరు చేసి రిటైరయ్యాడని తెలిసిందగ్గర్నుంచీ మావయ్యగారికి ఈ దేశం మీద గౌరవం పెరిగింది. ఇద్దరూ మడత కుర్చీలు వేసుకుని, ఒకరి ఇంగ్లీషు ఒకరికి అర్థం కాకుండానే, ఈకాలం పిల్లల్ని సాయంత్రందాకా తిట్టుకున్నారు.

పేచీ అంతా కారవాన్ లోపల వచ్చింది. మంచానికి మూరెడు దూరంలో తలుపు, తలుపు వెనక కమోడ్.

"పడకింట్లో దొడ్డేంటమ్మా!" అన్నారు ముక్కు మూసుకుని, అప్పటికింకా దాన్నెవరూ వాడకపోయినా. "తెనాలిలో మా ఇంటికి దొడ్డి చివర ఉండేది. దానికో మనిషి. పొద్దున్నే వెనక సందులోంచి దొడ్డిగుమ్మాన వచ్చేవాడు, ఎత్తుకుని అటునుంచటే పోయేవాడు. వాడు నడిచినంత మేరా మా అమ్మ పసుపునీళ్ళు చల్లేది. పండక్కి గారెలు పెట్టేవాళ్ళం. చేతికి కాదనుకో, పైనుంచి వేసేవాళ్ళం. ఎంత పద్ధతిగా ఉండేది!"

ఆ పద్ధతిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, చాలలేదని 2013లో ఇంకో చట్టం తేవాల్సొచ్చింది. కోడలిని గనక అదంతా చెప్పకుండా ఒకటే అడిగాను.

"ఆయన పేరేంటి మావయ్యా?"

"ఎవరి పేరు?"

"ఆ వచ్చే ఆయనది."

ఆయన నిజంగానే ఆలోచించారు. పాపం, చాలాసేపు. "పేరా? పేరెవరడుగుతారమ్మా!" అన్నారు చివరికి.

భోగికి మంట లేదు. వేసవిలో ఇక్కడి అడవుల పక్కన అగ్గిపుల్ల గీయాలన్నా భయమే. రేగుపళ్ళు దొరక్క పిల్లల నెత్తిన చెర్రీలు పోశాం. పిండి ఇంట్లోనే రుబ్బి ఐసుపెట్టెలో తెచ్చుకున్నాను. అందరి వంటింట్లో గారెలు వేస్తుంటే చుట్టూ పదిమంది చేరారు. పక్కావిడ నాలుగు తిని, తీపి లేని డోనట్ అని పేరు పెట్టింది. మావయ్యగారు ఎనిమిది తిన్నారు.

ఆ ఎనిమిదీ రాత్రి తమ పని చేశాయి. స్నానాల గదులు వంద అడుగుల దూరం, చీకటి, పైగా ఆ మోకాళ్ళు. నాలుగుసార్లు ఆ మూరెడు దూరంలోని తలుపే దిక్కయింది. తెల్లారేసరికి కమోడ్ పక్కన చిన్న ఎర్రదీపం వెలిగింది. నిండిందని దాని భాష.

"పనివాణ్ణి పిలిపించు. ఎంతివ్వాలి?" అన్నారు కొడుకుతో.

"పనివాడెవరు నాన్నా? నేనే," అని మా ఆయన చేతికి గ్లవ్స్ తొడుక్కుని, కారవాన్ బయటివైపు చిన్న తలుపు తీసి, కింది పెట్టె లాగాడు. చూడ్డానికి అచ్చం సూట్‌కేసే. చక్రాలుంటాయి, లాక్కెళ్ళడానికి పిడి ఉంటుంది. పార్కు మూల డంప్ పాయింట్ అని ఒకటుంది. అక్కడ ఎవరి పెట్టె వాళ్ళు ఒంపుకుని, కడుక్కుని, వాసన రాకుండా మందు పోసుకుని తెచ్చుకోవాలి.

అక్కడప్పటికే నలుగురైదుగురు పెట్టెలతో వరసలో నిలబడి, నిన్నటి క్రికెట్టు మాట్లాడుకుంటున్నారు. వరసలో మూడో మనిషి పక్కగడి హెడ్‌మాస్టరు. మావయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. అదే మనిషి కాసేపటికి శుభ్రంగా చేతులు కడుక్కొచ్చి, పెనం మీద గుడ్లు కాల్చి, ఒక ప్లేటు మావయ్యగారి ముందుంచాడు. కడుపు బాగాలేదని చెప్పమన్నారు నన్ను. ఆ సాయంత్రం మడత కుర్చీ మా గడిలోనే ఉండిపోయింది, మొహం సముద్రం వైపు.

మర్నాడు కనుమ. ఇక్కడ పదకొండున్నర, తెనాలిలో ఆరు. మావయ్యగారు తమ్ముడికి వీడియో కాల్ చేశారు. ఫోన్లో ముగ్గూ, పొగమంచూ, చిన్నమావయ్యగారి మంకీక్యాపూ. ఇటు నుంచి ఈయన ఒక్కొక్కటీ చూపిస్తున్నారు.

"ఇదిగో, మావాడి కారు. ఇది మావాడు తీసుకున్న కారవాను. వాడి చేతికింద నలభైమంది ఇంజనీర్లు తెలుసుగా! ఆ కనిపించేదంతా సముద్రం. మావాడు లేకపోతే ఈ భాగ్యం మనకెక్కడిదిరా!"

సరిగ్గా అప్పుడే మా ఆయన ఆయన వెనకనించి వస్తున్నాడు. నెత్తిన వెడల్పంచు టోపీ, నల్ల కళ్ళద్దాలు, ముఖం నిండా సున్నంలా సన్‌స్క్రీను, చేతులకు గ్లవ్స్, వెనక గడగడమంటూ పెట్టె. ఫోన్లో బాబాయిని చూసి సంబరంగా చెయ్యెత్తి ఊపాడు.

"అన్నయ్యా, ఆ పెట్టె లాక్కొస్తున్నాడే, ఎవరూ?"

మావయ్యగారు వెనక్కి తిరిగి చూశారు. చటుక్కున ఫోను సముద్రం వైపు తిప్పేశారు.

"ఎవరోరా. ఇక్కడ పనివాడు."

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"మన తెలుగువాడిలా ఉన్నాడే! పేరేంటట?"

"పేరా?" అన్నారు మావయ్యగారు. "పేరెవరడుగుతార్రా!"