అందర్నీ మింగి కూర్చున్నదాన్ని

అయినవాళ్ళంతా పోయి ఒక్కతే మిగిలిన ముసలమ్మను ‘అందర్నీ మింగి కూర్చుంది’ అని ఆడిపోసుకుంటారు. ఆవిడ విషయంలో అది అన్యాయం. నా విషయంలో మాత్రం అక్షరాలా నిజం.

నేనొక గెలాక్సీని. మీ జాబితాలో నా పేరు ఎన్‌జీసీ 1132. ఎరిడానస్ తారామండలం దిక్కున, మీకు సుమారు 32 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో నా కాపురం. 1827లో జాన్ హెర్షెల్ దుర్భిణికి మసక మరకలా దొరికాను. చుట్టూ నా సాటి గెలాక్సీ ఒక్కటీ కనబడకపోయేసరికి ఏకాకుల కింద జమకట్టారు.

పాత లోగిట్లో ఎందరుండేవారో తెలియాలంటే పొయ్యినీ గుండిగల్నీ చూడాలి. నా పొయ్యి కంటికి ఆనదు, ఎక్స్ కిరణాల్లోనే వెలుగుతుంది. కోటి డిగ్రీలు దాటిన వాయువు నా నక్షత్రాల మేరకు పదింతలు పరుచుకుని ఉంది. జపాన్ ఉపగ్రహం ఆస్కా పట్టిన ఆ వెలుగు చూసి, 1999లో ఇద్దరు శాస్త్రవేత్తలకు అనుమానం వచ్చింది. ఒక్కదానికి ఇంత పొయ్యా? అంత వేడి వాయువు చెదిరిపోకుండా నిలవాలంటే ఓ గెలాక్సీ సమూహానికి సరిపడా కృష్ణపదార్థం ఉండాలి. అంటే ఇల్లు ఉమ్మడి కుటుంబానిది. మిగిలింది నేను.

ఇలాంటి ఇళ్ళకు ‘శిలాజ సమూహాలు’ అని పేరు. మొదటిదాన్ని 1994లో పాన్‌మన్ బృందం గుర్తించింది. గుర్తుపట్టే కొలత 2003లో వచ్చింది. ఎక్స్ కిరణాలు దండిగా ఉండాలి. ఇంటిపెద్దకూ, తర్వాతి గెలాక్సీకీ వెలుగులో కనీసం రెండు మాగ్నిట్యూడ్ల తేడా, అంటే ఆరు రెట్ల పైచిలుకు ఉండాలి.

మింగడమంటే పళ్ళతో పని కాదు. బరువైన గెలాక్సీ కృష్ణపదార్థంలోంచి సాగుతుంటే, దాని ఆకర్షణకు ఆ పదార్థం వెనకాల పోగుపడుతుంది. ఆ పోగే కొంగు పట్టి వెనక్కి గుంజుతుంది. వేగం తగ్గి, చుట్టు చుట్టుకీ లోపలికి జారి, వందల కోట్ల ఏళ్ళకు నా ఒళ్ళో పడుతుంది. బరువు ఎంత ఎక్కువైతే పతనం అంత త్వరగా. అందుకే పెద్దవి ముందు పోయాయి, మరుగుజ్జులు బతికిపోయాయి. పోయినవాటి ఆనవాళ్ళుగా వేలాది గోళాకార తారాగుచ్ఛాలు నా చుట్టూ ఉన్నాయి. వాయువు మరీ పల్చన కావడంతో త్వరగా చల్లారదు. తిన్నవాళ్ళు పోయినా పొయ్యి వేడిగానే ఉంది.

ఇక్కడ మొదటినుంచీ పెద్దగా ఎదిగింది నేనొక్కదాన్నేనేమో అనేవాళ్ళూ ఉన్నారు. ఎక్కువమంది నమ్మేది ఉమ్మడి కాపురం కథనే.

శిలాజం కదా, కదలకుండా పడి ఉంటుందనుకున్నారు. చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్రా దుర్భిణి చిత్రాలను పరిశీలించి, నా వాయువు ఒకపక్కకు ఒరిగి, కలతపడి ఉందని 2018లో తేల్చారు. ఈమధ్య ఎవరో వచ్చి కలిసి ఉంటారని ఊహ. రేపు బయటినుంచి మరో పెద్ద గెలాక్సీ వచ్చిపడితే ఆ రెండు మాగ్నిట్యూడ్ల తేడా చెరిగి, శిలాజమన్న పేరూ పోతుంది.

రమ్మనండి. ఇంట్లో చోటుకు కొదవ లేదు. నా అలవాటేమిటో ముందే చెప్పాను.